సందూక్ మీద నీలి లైటు

అమ్మీ నమాజు మొదలుపెట్టేసింది. నేను వంటింట్లో చాయ్ గిన్నె కడిగి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికే ఆమె దుపట్టా చెవుల మీదికి బిగించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, పడమటి గోడకు ఎదురుగా నిలబడి ఉంది. ఆమె ముందు బట్టలు దాచే ఇనుప సందూక్, సందూక్ మీద నా లాప్‌టాప్. దాని మూత మూసి ఉంది. నేను వంటింట్లోకి పోయేటప్పుడు తెరిచే ఉంది, స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత మెల్లగా కుడివైపుకు జరుగుతూ ఉంది, సగం కూడా దాటలేదు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అంటే అమ్మీయే మూసింది. నా గుండె జారిపోయింది. పక్కనే, పొట్టి వైరు చివర, ఆ పాత హార్డ్‌డిస్క్ మీద నీలి లైటు వెలుగుతోంది కానీ మిణుకుమిణుకుమనడం లేదు. ఊరికే వెలుగుతోంది, చూపు నిలిపిన కన్నులాగా.

మిణుకుమంటే లోపలి సరుకు ఇటు వస్తున్నట్టు. నిలకడగా వెలిగితే కరెంటు మాత్రం అందుతున్నట్టు. ఆరిపోతే అంతే. ఈ మూడు సంగతులూ నాకు బస్టాండు పక్కన నేను పనిచేసే జిరాక్స్ సెంటర్ నేర్పింది. మూత మూస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది, నిద్రపోతే పని ఆగిపోతుంది, కానీ కొన్నిటిలో నిద్రలో కూడా ఒక తీగకు కరెంటు అందుతూనే ఉంటుంది. మా తమ్ముడు ఫుర్ఖాన్ ఊయలలో ఉన్నప్పుడు అమ్మీ నిద్రపోయేది కానీ ఆమె చేతిలోని తాడు ఊగుతూనే ఉండేది, అలాంటిదే ఇది కూడా. ఊపుతుంది గానీ బిడ్డ ఏడిస్తే తెలియదు. పొద్దున్నే నేను సెట్టింగులన్నీ మార్చాను. స్క్రీన్ ఆరకూడదు అని పెట్టాను, దానంతట అది నిద్రపోకూడదు అని పెట్టాను, బ్యాటరీ మిగుల్చుకోవడానికి యూఎస్‌బీ తీగకు కరెంటు తగ్గించుకునే అలవాటు ఒకటుంటుంది, వెతికి వెతికి దాన్ని కూడా తీసేశాను. మూత సంగతి ఒక్కటి మార్చలేదు. ఈ ఇంట్లో దాని మూత ముట్టుకునేది ఎవరని.

ఆ డిస్కులో నా తమ్ముడు ఉన్నాడు. మనిషి జైల్లో ఉన్నాడు, వాడు ఆ సాయంత్రం ఎక్కడ ఉన్నాడన్న సాక్ష్యం డిస్కులో ఉంది. టేక్మాల్ రోడ్డు మీద, పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వేళ, సైకిల్‌కు గడ్డిమోపు కట్టుకుని తోసుకుంటూ పోతున్న పరశురాం అనే కూలీని ఒక ఆటో గుద్ది, ఆగకుండా పోయింది. ఆయన ఇంకా కళ్ళు తెరవలేదు. దూరం నుంచి చూసినవాళ్ళు ఆటో వెనక అద్దం మీది చందమామ స్టిక్కర్ చెప్పారు, నంబరులో చివరి రెండంకెలు చెప్పారు, పోలీసులు మా ఇంటికి వచ్చారు. ఫుర్ఖాన్ ఒక్కటే మాట మీద ఉన్నాడు. ఆ టైముకు తను టేక్మాల్ వైపు పోనే లేదట, రామాయంపేటలో చాయ్ బండి దగ్గర కూర్చున్నాడట, అజాన్‌కు ముందు నుంచి బాగా చీకటిపడేదాకా అక్కడే ఉన్నాడట. ఆ చాయ్ బండి ఎదురుగా రాజేందర్ అనే ఆయన మొబైల్ షాపు, షాపు మీద కెమెరా. కెమెరాలో చోటు నిండగానే పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది, ఆ సాయంత్రం చెరిగిపోకముందే రాజేందర్ దాన్ని తన దగ్గరున్న పాత డిస్కులోకి ఎక్కించి పెట్టాడు. లోకంలో ఇంకెక్కడా అది లేదు.

నిన్న డిస్కు చేతికిస్తూ రాజేందర్ మొహం నాకు నచ్చలేదు. "కౌంటర్ మీదికెల్లి ఒకపారి కింద పడ్డదక్కా గిది. అప్పటి సంది మొరాయిస్తున్నది. తిరుగుడు షురూ అయితే మాత్రం ఆపకుండ్రి. ఆగితే మళ్ల లేస్తదో లేదో నేనైతే చెప్పలేను," అన్నాడు. ఏమున్నదో చూశావా అని అడిగితే, నాకెందుకక్కా, దుకాణం ఇడిసి నేను గవన్నీ చూసుకుంట కూసుంటనా అన్నాడు. బస్సులో దాన్ని శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చాను, ప్రతి గుంతకూ నా పొట్ట బిగబట్టాను, పక్కనున్న ఆమె నన్ను చూసి కోడిగుడ్లా బేటీ అని అడిగింది. అవునన్నాను. పొద్దున తగిలిస్తే మొదటిసారి టక్కుమని ఆగిపోయింది, రెండోసారీ అంతే, మూడోసారి గొణుగుతూ లేచింది. ఆ గొణుగుడు ఆగకూడదని నేను చాయ్ కూడా చల్లారేదాకా తాగలేదు.

ఇప్పుడు వినపడుతోందా? ఫ్యాన్ చప్పుడులో తెలియడం లేదు. అమ్మీ రుకూలోకి వంగింది. వంగి అలాగే ఉండిపోయింది, పెదాలు కదులుతున్నాయి, కదులుతూనే ఉన్నాయి, అప్పుడు అర్థమైంది నాకు, ఇది మామూలు నమాజు కాదు, సలాతుత్ తస్బీహ్. అన్నిటికన్నా పొడుగు నమాజు. నిలబడ్డప్పుడూ వంగినప్పుడూ నుదురు నేలకు ఆన్చినప్పుడూ ఆగి ఆగి తస్బీహ్, అల్లాను తలిచే మాటలు, చదవాలి, తొందర పనికిరాదు, అమ్మీ మోకాళ్ళతో అయితే ఇంకా సేపు పడుతుంది. అది అయ్యేదాకా నేను లాప్‌టాప్‌ను చేరలేను. గదిలో ప్లగ్గు ఒక్కటే, అది పడమటి గోడకే ఉంది, అందుకే లాప్‌టాప్ సందూక్ మీద ఉంది. అమ్మీ సజ్దాకు వంగితే నుదురు సందూక్‌కు జానెడు దూరంలో ఆనుతుంది. ఇవతల మంచం, అవతల బియ్యం డ్రమ్ము. దాన్ని చేరాలంటే అమ్మీ ముందు నుంచి, అమ్మీకీ సందూక్‌కూ మధ్య నుంచి పోవాలి. నమాజు చదివే మనిషి ముందు నుంచి పోవడం.

అది ఎంత తప్పో తెలిస్తే మనిషి దాటడానికి బదులు నలభై ఏళ్ళు అక్కడే నిలబడి ఉంటాడని చెప్పి చెప్పి పెంచింది అమ్మీ నన్ను. చిన్నప్పుడు ఒకసారి బంతి కోసం దాటబోతే మంచం మీది నుంచి మా అబ్బా నా రెక్క పట్టి వెనక్కి లాగారు, భుజం వారం నొప్పి పుట్టింది. ఫుర్ఖాన్‌కు ఈ చట్టాలేవీ లేవు. వాడు పాకే రోజుల్లో అమ్మీ సజ్దాకు పోవడమే ఆలస్యం, వీపు మీదికి ఎక్కేవాడు, వాడు దిగేదాకా అమ్మీ నుదురు ఎత్తేది కాదు, ఎంతసేపైనా అలాగే వంగి ఉండేది. నేను దింపబోతే వాడు గుక్కపట్టేవాడు. ఆ వీపే ఇప్పుడు నా ముందు వంగి ఉంది. వాడు ఇరవై రెండేళ్ళవాడయ్యాడు, గడ్డం పెంచాడు, ఆటో కొన్నాక నన్ను సెంటర్ దగ్గర దింపి, "కంప్యూటర్ డాక్టర్‌గారు దిగుండ్రి, కిరాయి ఈద్‌కు లెక్క చేసుకుందాం," అని నలుగురిలో నవ్వేవాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు ఇంటికొచ్చి ఒక సాయంత్రం ఏమీ మాట్లాడలేదు.

వద్దు, అటు పోవద్దు. లైటు చూడు. లైటు వెలుగుతోంది. డిస్కు తిరుగుతూనే ఉంది, ఖాళీగా తిరుగుతోంది, కానీ తిరుగుతోంది. అమ్మీ నమాజు అయ్యేదాకా ఇలాగే తిరిగితే, అప్పుడు మూత తెరిస్తే, లాప్‌టాప్ కళ్ళు నులుముకుని లేచి ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకోవచ్చు. అందుకోకపోవచ్చు కూడా. లేచేటప్పుడు ఒక్కోసారి యంత్రం తీగలన్నిటినీ ఒకసారి విదిలించుకుని మళ్ళీ పలకరిస్తుంది, ఆ విదిలింపులో డిస్కుకు కరెంటు ఒక్క క్షణం తెగితే చాలు. తెరవకపోతే ఒక భయం, తెరిస్తే ఇంకొకటి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అదిగో, నేను గుమ్మంలో దాని గట్టు మీదే కూర్చున్నాను. చర్చి గంటలు వినిపించాయి, లెక్కపెట్టలేదు, మధ్యాహ్నం అయిందన్నమాట, లాప్‌టాప్‌లోకి వచ్చిన సరుకు పట్టుకుని రెండింటికల్లా రత్నాకర్ వకీల్ సాబ్ ఆఫీసుకు పోవాలి, రేపు బెయిలు వాదన. ఆయన నాతో ఒక మాటన్నారు. వీడియోలో వాడు కనపడితే నేను చూసుకుంటా అన్నారు. కనపడకపోతే అన్న మాట మేమిద్దరమూ అనలేదు.

ఫ్యాన్ ఆగిపోయింది. కరెంటు పోయింది. ఖిల్లా కింది ఈ గల్లీలో ఎండాకాలం రాకముందే మొదలైపోయింది ఈ బాధ. నీలి లైటు ఒక్కసారి ఆరినట్టయింది, నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, మళ్ళీ వెలిగింది. ఫ్యాన్ చప్పుడు లేకపోయేసరికి ఇప్పుడు వినిపిస్తోంది, డిస్కు గొణుగుడు, దాని కింద అమ్మీ పెదాల చప్పుడు, సుబ్‌హానల్లాహ్, వల్‌హమ్దులిల్లాహ్, గొంతు లేదు, ఊపిరే ఉంది. ఇక బ్యాటరీయే దిక్కు. నా లాప్‌టాప్ బ్యాటరీ ముసలిది, సెంటర్ ఓనర్ కొత్తది కొన్నాక పాతదని నాకిచ్చింది ఇది. నిద్రలో చార్జింగ్ తగ్గిపోతే యంత్రం ఏం చేస్తుందో నాకు తెలుసు. ముందు బయటి తీగను వదిలేస్తుంది. తను బతకడానికి చేతిలో పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. దాని తప్పేమీ లేదు, అలా చేసి పెట్టారు దాన్ని. గుండె బెదిరితే ఎవరైనా అంతేనేమో. చీకటి పడుతున్న రోడ్డు, గడ్డిమోపు పక్కకు ఒరగడం, హ్యాండిలు చేతుల్లో వణకడం, ఒక్క క్షణం ఆపాలా వద్దా అని, ఆ క్షణంలో ప్రాణం ఏం చెబితే అది. నేను ఎవరి గురించి ఆలోచిస్తున్నాను? వాడు రామాయంపేటలో ఉన్నాడు. వాడు చాయ్ తాగుతున్నాడు.

వాడు ఆ సాయంత్రం వచ్చి ఆటోను నల్లా దగ్గర పెట్టి కడిగాడు. శుక్రవారం, జుమ్మా నాడు తప్ప కడగనివాడు. అన్నం వడ్డిస్తే ఆకలి లేదన్నాడు. తెల్లారి పాలు పోసే ఆమె టేక్మాల్ రోడ్డు మీద ఎవరో సైకిలాయన్ను ఆటో గుద్దిందట అని అమ్మీతో అంటుంటే, ఎవరూ వాడిని అడగలేదు, వాడే లోపలి నుంచి, "నేను నిన్న గటు పోనే పోలే," అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. పాలామె నవ్వింది. నేను కూడా నవ్వాను. అమ్మీ నవ్వలేదు. అమ్మీ గిన్నె పట్టుకుని అలాగే వాడి వైపు చూసింది, పాలు కొంచెం ఒలికాయి.

అమ్మీ మూత ఎందుకు మూసింది? బొమ్మల వల్లనే అనుకున్నాను ఇంతసేపూ. నమాజుకు నిలబడ్డ మనిషి ఎదురుగా మొహాలు ఉండకూడదు, అందుకే మా ఇంట్లో క్యాలెండరు కూడా తిరగేసి ఉంటుంది, టీవీ మీద గుడ్డ ఉంటుంది. లాప్‌టాప్‌ను కూడా అలాగే మూసిందనుకున్నాను, పాపం ముసలామె, యంత్రం సంగతి ఆమెకేం తెలుసని లోపల్లోపల విసుక్కున్నాను కూడా. కానీ స్క్రీన్ మీద మొహాలెక్కడివి? గీత ఒక్కటే ఉంది. ఒట్టి ఆకుపచ్చ గీత. పైగా పొద్దున నేను ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. దీని మూత ముయ్యద్దు అమ్మీ, ముయ్యంగనే నిద్రపోతది, ఫుర్ఖాన్ వీడియో వచ్చుడు ఆగిపోతది అని. అమ్మీ రెండుసార్లు అడిగింది. "ముయ్యంగనే ఆగుతదా? మొత్తానికే?" అని. మొత్తానికే అన్నాను, భయపెడితే ముట్టుకోదని.

అమ్మీకి తెలుసు. తెలిసే మూసింది. మూసి, ఎవరూ దాటరాని చోట నిలబడి, అన్నిటికన్నా పొడుగు నమాజు మొదలుపెట్టింది. మొన్న బీపీ గోలీల కోసం దవాఖానకు పోయి వచ్చినప్పటి నుంచి ఆమె సరిగ్గా లేదు. అక్కడ బల్ల మీద పరశురాం భార్య సిద్దమ్మ కనపడిందట. ఎవరో ఏమిటో తెలియక సిద్దమ్మే పక్కకు జరిగి, కూసో అమ్మా అని చోటిచ్చిందట. ఎవరి కోసం వచ్చినవమ్మా అంటే అమ్మీ ఏం చెబుతుంది? గోలీలు తీసుకోకుండానే వచ్చేసింది. కొడుకు ఆమెకు ఏమైనా చెప్పాడా? జైలు ములాఖాత్‌లో, నేను నంబరు కోసం కౌంటరు దగ్గరికి పోయిన ఆ కాసేపట్లో, ఇనుప జాలీ అవతల నుంచి? అడగాలంటే ఈ నమాజు అయిపోవాలి. అయిపోతే ఆమె ఏం చెబుతుందో అని, అయిపోకూడదని కూడా ఉంది నాకు.

నిజం చెప్పాలంటే నేనేం తక్కువ తిన్నాను. డిస్కు లేవగానే అజాన్ వేళది ఆ ఒక్క గంట ఫైలు మీద వేలు పెడితే అప్పుడే తేలిపోయేది. వాడు ఉన్నాడో లేడో. డిస్కు నాజూకుగా ఉంది, ముందు అంతా ఇటు లాక్కుని తర్వాత తీరిగ్గా చూద్దాం అని నాకు నేనే చెప్పుకున్నాను, ఆ రోజు కెమెరాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉన్న పనికిరాని గంటలను ముందు పెట్టి, కావలసినదాన్ని చివరన పెట్టాను. గీత నడుస్తున్నంతసేపూ నా తమ్ముడు మంచివాడు. మూత మూసి ఉన్నది చూసినప్పుడు నా గుండె జారిందన్నాను కదా, జారిన వెంటనే కింద ఏదో మెత్తగా తగిలింది. అది ఏమిటో అప్పుడు పేరు పెట్టలేదు. ఇక చూడక్కర్లేదన్న నెమ్మది అది. అది తెలిశాక నాకు నన్ను చూస్తేనే భయం వేసింది.

లైటు సన్నబడింది. నిజంగానే సన్నబడిందో, నా కళ్ళకే అలా ఉందో తెలియదు, గొణుగుడు మాత్రం మారింది, దమ్ము ఆడనట్టు తెగి తెగి వస్తోంది. నేను లేచాను. మంచం పట్టె పట్టుకుని ఒక అడుగు, ఇంకో అడుగు. అమ్మీ మళ్ళీ లేచి నిలబడి ఉంది, చేతులు కట్టుకుని ఉంది. ఆమె పక్కగా వచ్చి ఆగాను. ఇంకొక్క అడుగు వేస్తే ఆమె ముందుంటాను. నలభై ఏళ్ళు. నేను ఇక్కడ అన్ని ఏళ్ళు నిలబడగలనేమో గానీ, అక్కడ పరశురాం అన్ని ఏళ్ళ పాటు కళ్ళు తెరవకుండా ఉండలేడు. పక్క నుంచి అమ్మీ మొహం చూశాను. కళ్ళు సజ్దా చోట లేవు, ఆ నీలి లైటు మీదే ఉన్నాయి, నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, పెదాలు కదలడం లేదు. ఎంతసేపటి నుంచి కదలడం లేదో.

నేను అడుగు ఎత్తే లోపే అమ్మీ మొహం కుడివైపుకు, నా వైపుకు తిప్పింది. "అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్," అంది. నమాజు ముగించే సలాం అది, నిలబడ్డచోటే, నమాజు సగంలో. జ్వరంలో, పురిటి తర్వాత, అబ్బా పోయిన రోజున కూడా నమాజు మధ్యలో తెంపని మనిషి.

"మూత ముయ్యద్దని పొద్దుగాల చెప్పిన గద అమ్మీ," అన్నాను.

"యాదికున్నది."

"మరెందుకు మూసినవ్?"

"భయమయింది బేటా. అండ్ల వాడు లేకుంటే ఎట్ల? జరసేపు ఆగనీ అనుకున్న. అల్లా ముంగట నిలబడ్డంక గుడ నోట్లె తస్బీహ్ వస్తలేదు. గసుంటి నమాజ్ ఎందుకు," అని ముక్కు తుడుచుకుని కాళ్ళ కింది జానమాజ్ చాప పక్కకు లాగింది. "తెరువు."

"వాడు నీకేమన్న చెప్పిండా?"

"ఏం చెప్పలే. ఆ దినం వాడు అన్నం తినలే. తల్లికి ఇంకేం చెప్పాలె. తెరువు, జల్ది తెరువు."

తెరిచాను. స్క్రీన్ నల్లగానే ఉంది, డిస్కు టక్కుమంది, లైటు ఆరింది. అమ్మీ నా ముంజేయి పట్టుకుంది. మళ్ళీ టక్కుమంది. తర్వాత, ఎంతసేపటికో, సన్నగా గొణుగుడు మొదలైంది, స్క్రీన్ వెలిగింది, బ్యాటరీ అయిపోవస్తోందన్న హెచ్చరిక ఒక మూలన వచ్చింది. ఆకుపచ్చ గీతను నేను పట్టించుకోలేదు. కావలసిన గంట ఫైలును ముందు ఇటు లాగాను, అది వచ్చేసింది, వచ్చిందని రెండుసార్లు చూసుకుని, దాని మీద నొక్కాను. అంతలో కరెంటు వచ్చి ఫ్యాన్ మళ్ళీ తిరిగింది.

అమ్మీ స్క్రీన్ ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏనాడూ బొమ్మల వైపు తిన్నగా చూడనిది, కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకు వంగింది. చాయ్ బండి, దాని ముందు ఒక్క బల్ల. బండివాడు బల్బు వేశాడు. రాజేందర్ కెమెరాలో మాటలు వినపడవు గానీ రోడ్డు మీద ఒకాయన టోపీ పెట్టుకుని గబగబా మసీదు వైపు పోతున్నాడు, అజాన్ అయ్యే ఉంటుంది. ఆటోలు వచ్చాయి, ఆగాయి, పోయాయి. ప్రతి ఆటోకూ అమ్మీ వేళ్ళు నా ముంజేతి మీద బిగిశాయి, వదిలాయి. నేను ముందుకు జరపబోతే ఆపింది. "జల్ది చేయకు. ఉన్నట్టే నడువని." బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు, లేచారు, ఇంకో ఇద్దరు కూర్చున్నారు. బాగా చీకటి పడింది. బండివాడు గ్లాసులు కడుగుతున్నాడు.

"బండెనక కూసున్నడేమో," అంది అమ్మీ.

"బండెనక గోడ ఉన్నదమ్మీ."

ఆ గంట అయిపోయింది. వాడు రాలేదు. వాడు ఆ బల్ల మీద కూర్చోనే లేదు. నేను ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు.

"గిది ఇంకెవలన్న చూసిండ్రా?" అని అడిగింది అమ్మీ.

"లేదు. రాజేందర్ గుడ చూడలేదట."

ఆమె ఏమడగబోతోందో నాకు తెలుసు, ఎందుకంటే నా వేలు అప్పటికే ఫైలు చెరిపేసే మీట మీదికి పోయి ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ఇక్కడిది పోతుంది, డిస్కు సంగతి వైరు ఒకసారి లాగితే చాలు. అమ్మీ నా వేలును చూసింది. నా చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది, ఊరికే అలాగే పట్టుకుంది.

"తుడవకు."

"వకీల్ సాబ్‌కు ఏం చెప్పాలె మరి?"

"ఉన్నది చెప్పు. వానికి గుడ నేనే పోయి చెప్త, మేం చూసినం బేటా, ఇగ నువ్వు దాచిపెట్టుడు సాలియ్యి అని."

మోకాళ్ళ మీద చేతులు ఆన్చి మెల్లగా లేచింది. జానమాజ్ మళ్ళీ పరిచింది, ఈసారి అడ్డంగా, ఇద్దరికి సరిపోయేలా పక్కన దుప్పటి కూడా వేసింది.

"ఇంకెవరి కోసం చదువుతవ్ అమ్మీ?" అన్నాను. నా గొంతులో కోపం ఉంది, ఎవరి మీదో తెలియదు.

"ఆ పరశురాం కోసం. ఆయన కండ్లు తెరవాలె బేటా. ఆయన లేస్తేనే నా కొడుకు మనిషిగ ఇంటికొస్తడు. నువ్వు గుడ రా."

నేను నల్లా దగ్గరికి వెళ్ళి, చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుని వుజూ చేసుకుని వచ్చి, అమ్మీ పక్కన నిలబడ్డాను.